గ్లాసుడు నీళ్ల దగ్గర ఓడిన రేజరు

2008. మన దేశంలోనే ఒక పల్లె. పూరిల్లు. కరెంటు లేదు, కుళాయి లేదు, కనీసం అద్దం కూడా లేదు. చెప్పుల్లేని మనిషొకడు నేల మీద కూర్చుని, ముందు కాసిని నీళ్లు పెట్టుకుని గడ్డం గీసుకుంటున్నాడు. చేతిలో రెండంచుల బ్లేడు బిగించిన పాత రేజరు. అతన్నే చూస్తూ 20 మంది అమెరికా నుంచి వచ్చినవాళ్లు!

వాళ్లు జిలెట్ కంపెనీ పెద్దలు. అలా ఇల్లిల్లూ తిరిగారు. ఆ బృందంలో ఉన్న వైస్ ప్రెసిడెంట్ ఆల్బెర్టో కార్వాల్యో, ఇలా గీసుకోవడం తానెన్నడూ చూడలేదని తర్వాత విలేకరులతో అన్నాడు. ఈ సంగతి పూడిమడక లాంటి జాలర్ల ఊరికి వెళ్లి చెబితే, అందులో చూడ్డానికేముందని నవ్వుతారు.

చూడకపోవడం వల్లే వాళ్లు అంతకుముందు దెబ్బతిన్నారు మరి.

2002లో వెక్టర్ అనే రేజరును మన దేశం కోసమని ప్రత్యేకంగా మార్చారు. మనవాళ్ల గడ్డం ముతక, ఒత్తు. పైగా రోజూ గీసుకోరు కాబట్టి వెంట్రుక పొడుగ్గా ఉంటుంది, బ్లేళ్ల మధ్య ఇరుక్కుంటుంది. దాన్ని తోసెయ్యడానికి ప్లాస్టిక్ పుల్ల లాంటిదొకటి అమర్చారు. పరీక్షించడానికి ఇండియా దాకా మనుషుల్ని పంపితే ఖర్చు. కంపెనీ ఉండే బోస్టన్ పక్కనే ఎంఐటీ ఉంది, అందులో భారతీయ విద్యార్థులున్నారు. వాళ్ల చేతికిచ్చారు. భలే ఉందన్నారు కుర్రాళ్లు. తీరా ఇక్కడ అమ్మకానికి పెడితే జనం పెదవి విరిచారు. కంపెనీకి ఎందుకో అంతుబట్టలేదు. ఇక్కడికొచ్చి చూశాక తెలిసింది. ఆ కుర్రాళ్లకు కుళాయి ఉంది, ధారగా పడే నీళ్లకి వెంట్రుకలు కొట్టుకుపోయాయి. ఇక్కడ ఉన్నది గ్లాసుడు నీళ్లు. అందులో ఎంత జాడించినా ఇరుక్కున్నది ఇరుక్కున్నట్టే ఉంది.

పాత రేజరుకి ఆ తంటా లేదు. గ్లాసులో నాలుగుసార్లు ఆడిస్తే చాలు, మరీ పట్టేస్తే పిడి తిప్పి వదులు చేస్తే సరి. ఈ రెండంచుల బ్లేడు ఆలోచన 1895లో కింగ్ క్యాంప్ జిలెట్ అనే అమ్మకాల ఏజెంటుకు వచ్చింది. కాగితంలాంటి పల్చటి ఉక్కుకి పదును పెట్టే కిటుకు కనిపెట్టినవాడు విలియం నికర్సన్. ఈయనా ఎంఐటీలో చదివినవాడే! 1903లో అమ్ముడైనవి 51 రేజర్లు. మరుసటి ఏడు 90 వేలు దాటాయి.

ఆ రేజరుతో బాధల్లా ఒకటే, గాటు. గాటంటే ఏమిటో సముద్రం మీదికెళ్లేవాణ్ని అడగాలి. తెగిన చోట ఉప్పునీళ్లు చిమ్మితే నిప్పు పెట్టినట్టుంటుంది. అందుకే పూడిమడక లాంటి ఊళ్లో కుర్రాడికి రేజరు పట్టడం నేర్పడానికి చేపల వేట నిషేధం రోజులు మంచివి, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. బోటు ఒడ్డునే ఉంటుంది, ఎవరికీ కంగారుండదు.

ఏ అరుగు మీదైనా జరిగే పాఠమే ఇది. మేనల్లుడు మొహం కడుక్కుని, సబ్బు రాసి, వెంటనే రేజరెత్తుతాడు. మావయ్య ఆపుతాడు.

"ఆగరా. ఏటా కంగారు? నాననీ."

రెండు మూడు నిమిషాలు తడి పట్టాలి, వెంట్రుక మెత్తబడాలి. అదీ మంచినీళ్లతో. సముద్రపు నీళ్లకి సబ్బు నురగ కట్టదు. తర్వాత వేళ్లతో తడిమి వెంట్రుక ఎటు వాలి ఉందో చూసుకోవాలి. చెంప మీద కిందికుంటే మెడ మీద అడ్డంగా ఉండొచ్చు. మొదటిసారి వాలు వెంటే గీయాలి. రేజరు తల చెంపకి ఆనించి, బ్లేడు తగిలేదాకా పిడిని మెల్లగా దించాలి. సుమారు 30 డిగ్రీల వాటం. ఎడమచేత్తో చర్మం సాగదీసి పట్టుకోవాలి. గీత అంగుళానికి మించకూడదు.

"నొక్కీకురా! దాని బరువుకి దాన్ని ఒగ్గీ. అదే గీసుకుంటాది."

"ఇలాగేనా మావా?"

చెంపల మీద ఎవడైనా గెలుస్తాడు. తెగేది గడ్డం మలుపులోనూ, గొంతుముడి మీదా. గొంతుముడి మీద చర్మాన్ని పక్కకి లాగి, బల్లపరుపైన చోట గీయాలి. ఇంకా గరుకు మిగిలితే మళ్లీ నురగ రాయాల్సిందే. ఆరిన చెంప మీద రెండోసారి లాగినవాడికే ఎక్కువ గాట్లు. ఆఖర్న తడిపిన పటిక.

జిలెట్‌వాళ్లు చూసిన చోట ఈ తతంగం అరగంట దాకా పట్టేది. వాళ్ల దేశంలో అయిదు నుంచి ఏడు నిమిషాలు. అద్దం ఉన్నవాళ్లకి ఒక చేతిలో అద్దం, మసక వెలుతురు, తెగుతుందన్న భయం అన్నీ కలిస్తే అరగంట. 18 నెలలు కుస్తీపట్టి 2010లో వాళ్లు గార్డ్ అనే రేజరు తెచ్చారు. నాలుగే భాగాలు, ఒకే బ్లేడు, గ్లాసులో జాడిస్తే శుభ్రపడే ఖాళీలు, చర్మాన్ని చదునుగా నొక్కిపట్టే దువ్వెన, మేకుకి తగిలించడానికి పిడికి కన్నం. అప్పట్లో రేజరు 15 రూపాయలు, బ్లేడు 5. మావయ్య ఎడమచేతి పనిని ఆ దువ్వెనకి అప్పజెప్పారన్నమాట. మూడేళ్లలో దేశంలో అమ్ముడయ్యే ప్రతి మూడు రేజర్లలో రెండు అవే అయ్యాయి.

కొత్తలో దాన్ని మేనల్లుడు మురిపెంగా చూపిస్తే, అరుగు మీది మావయ్య అటూ ఇటూ తిప్పి చూసి ఉంటాడు.

"అయిదు రూపాయలకి ఒకేపక్క అంచా? రెండో పక్కేదిరా?"