చెరువు కాని ట్యాంకు

నీటిపారుదల శాఖలో గుమాస్తాగా చేరిన నాటి నుండి రిటైరయ్యే వరకు 'ట్యాంకు' అనే మాట నేను రాసినన్నిసార్లు నా సంతకం కూడా చేసి ఉండను. చిత్తూరు జిల్లాలో ఉద్యోగం చేసిన మనందరికీ ట్యాంకు అంటే చెరువే. కట్ట, తూము, మొరవ, ఆయకట్టు. దొరల కాలం నుండి రికార్డుల్లో అదే వాడుక. హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ కట్టను టాంక్‌బండ్ అనడమూ అందుకే. అసలీ మాట ఇంగ్లీషులోకి గుజరాతు వైపు నుండి వెళ్ళిందనీ, పోర్చుగీసు మాట కూడా అందులో కలిసిందనీ నిఘంటుకారులంటారు. ఇంత చల్లని మాట ఒక యుద్ధశకటానికి ఎలా అంటుకున్నదో మిత్రులతో పంచుకోవాలనిపించింది.

1914లో మొదలైన యుద్ధం కొద్ది నెలల్లోనే ఫ్రాన్సులో కందకాల్లో కూరుకుపోయింది. ఎదుట ముళ్లతీగ, దాని వెనుక మెషిన్‌గన్. లేచి నడిచినవాడు కూలవలసిందే. 1916 జూలై 1న, సోమ్ నది దగ్గర, ఒక్క రోజులో బ్రిటిషు సైన్యంలో సుమారు 57 వేలమంది దెబ్బతిన్నారు. వారిలో 19 వేలమందికి పైగా చనిపోయారు. అంకెలు రాయడం అలవాటైన చేయికి కూడా ఇది రాయడం కష్టమే.

కందకం దాటి, తీగను తొక్కి, గుండ్లకు చలించని బండి కావాలని స్వింటన్ అనే సైనికాధికారి ముందే పోరుపెట్టాడు. పదాతిదళం వారు తాత్సారం చేస్తుంటే, నౌకాదళ మంత్రి చర్చిల్ 1915 ఫిబ్రవరిలో 'నేల ఓడల' కమిటీ వేశాడు. పని అప్పగించినది లింకన్ పట్టణంలో నూర్పిడి యంత్రాలు, ట్రాక్టర్లు చేసే ఫాస్టర్ కంపెనీకి! ట్రిట్టన్, విల్సన్ అనే ఇద్దరు ఇంజనీర్లు కూర్చుని గీశారు. అమెరికా నుండి తెప్పించిన గొలుసుపట్టాలు ఊడిపోతుంటే, ట్రిట్టన్ ఉక్కురేకులతో కొత్త పట్టా తయారుచేశాడు. పొలంలో బురద దాటడానికి పుట్టిన పనితనం అలా కందకానికి చేరింది.

రహస్యం బయటపడకూడదు గదా! మెసపొటేమియాలో, మన సిపాయీలూ పోరాడుతున్న ఆ ఎడారిలో, నీళ్లు మోసే బండ్లని ఒక ప్రచారం. రష్యాకు పోతున్నాయని బండ్లమీద రష్యన్ అక్షరాలు. 1915 డిసెంబరులో కాగితాల మీద వాడటానికి 'ట్యాంకు' అనే దొంగపేరు ఖాయం చేశారు. అదే నిలిచిపోయింది.

1916 సెప్టెంబరు 15న ఫ్లెర్స్ గ్రామం దగ్గర ఇవి మొదటిసారి యుద్ధానికి దిగాయి. కేటాయించినవి 49. బయలుదేరే చోటికి చేరినవే 32. తక్కినవి దారిలో చెడిపోయాయి, కూరుకుపోయాయి. 28 టన్నుల బరువు, మనిషి నడకంత వేగం, లోపల ఎనిమిదిమంది. నడుమ ఇంజను, దాని వేడి, పొగ. చెవులు చిల్లులుపడే మోతలో సైగలతోనే మాట్లాడుకోవాలి. కబురు పంపడానికి పావురాలు! ఇన్ని కొద్ది బండ్లతో తొందరపడి రహస్యం పోగొట్టుకున్నారని స్వింటన్ వాదన. నాకూ అదే న్యాయమనిపిస్తుంది. కానీ రోజుకు వేలమంది పోతుంటే ఆగమని చెప్పడమూ సులభం కాదు.

మరుసటి సంవత్సరం నవంబరు 20న కాంబ్రే దగ్గర నాలుగువందలకు పైగా ట్యాంకులు ఒక్కసారిగా కదిలాయి. లండనులో చర్చి గంటలు మోగించారు. పదిరోజులకే జర్మన్లు చాలాభాగం తిరిగి పట్టుకున్నారు. ఇక ఫ్రెంచివారి చిన్న రెనో ట్యాంకులో పైన తిరిగే ఫిరంగిగూడు, వెనుక ఇంజను. నేటికీ ట్యాంకుల అమరిక ప్రధానంగా అదే.

తిరుపతి నుండి చెన్నైకి రైల్లో వెళ్ళే మనకు ఆవడి స్టేషను పరిచయమే. బ్రిటిషు వికర్స్ కంపెనీ నమూనాతో చేసిన విజయంత ట్యాంకు 1965 డిసెంబరులో అక్కడి హెవీ వెహికల్స్ ఫ్యాక్టరీ నుండే వెలువడింది. ఫ్లెర్స్ పోరుకు అప్పటికి ఇంకా యాభై ఏళ్లు నిండలేదు. తరువాత అజేయ, అర్జున్ కూడా అక్కడివే. ఆవడి అనే పేరు 'ఆర్మర్డ్ వెహికల్స్ అండ్ డిపో ఆఫ్ ఇండియా' మొదటి అక్షరాలతో కూర్చినదని రైల్లో ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. కానీ ఆ ఫ్యాక్టరీ రాకముందే, 1955 జనవరిలో, ఆవడి కాంగ్రెసు మహాసభ జరిగిందన్నది మన వయసువారికి గుర్తుండే ఉంటుంది.