ఫోను మూగబోయిన వేళ షార్ట్‌వేవ్ రేడియో

పరదేశంలో యుద్ధం వచ్చినపుడు తరచుగా ముందు తెగిపోయేది టెలిఫోను. అట్టి సమయంలో స్వదేశపు వార్తను ప్రవాసులకు చేర్చిన సాధనం షార్ట్‌వేవ్ రేడియో. గల్ఫ్‌కు బిడ్డలను పంపిన ధర్మపురి, కృష్ణగిరి సరిహద్దు పల్లెల తెలుగు కుటుంబాలు దీని శక్తిని, పరిమితిని తెలుసుకొనుట మంచిది.

పనిచేయు విధానం

సుమారు 3 నుండి 30 మెగాహెర్ట్జ్ వరకు గల ఈ తరంగాలు ఆకాశంలోని అయనావరణాన్ని తాకి, వంగి, మరల భూమిపై పడతాయి. అందుచేత వేల కిలోమీటర్లు ప్రయాణిస్తాయి. వినుటకు బ్యాటరీ సెట్టు, కొంత తీగ చాలు. పగలు 19, 16 మీటర్ల బ్యాండ్లు, రాత్రి 49, 41 మీటర్ల బ్యాండ్లు సాధారణంగా బాగా అందుతాయి. అయితే ఇది ఒకవైపు మాట మాత్రమే. విన్నవారు బదులు చెప్పలేరు.

1990 కువైట్ సంక్షోభం

1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌ను ఆక్రమించాయి. కడప, గోదావరి జిల్లాల వారితో సహా లక్షకు పైగా భారతీయులు అక్కడ చిక్కుకున్నారు. రోడ్డు మార్గాన జోర్డాన్ రాజధాని అమ్మాన్ చేరిన వారిని ఎయిర్ ఇండియా 59 రోజులలో 488 విమానాలలో స్వదేశానికి చేర్చింది. వారి సంఖ్య లక్షకు పైగా.

ఆ కాలంలోనే బీబీసీ ప్రపంచ సేవ ‘గల్ఫ్ లింక్’ అను కార్యక్రమం నడిపింది. ఇరాక్, కువైట్‌లలో నిర్బంధంలో ఉన్న బ్రిటిష్ వారికి ఇంటివారి సందేశాలు అందులో వినిపించేవి. ఎక్కడున్నదీ తెలియని మనిషికి కూడ ఇంటి కబురు చేరుటకు అది దారి అయినది.

మన భాష సంగతి

ఆకాశవాణి విదేశీ ప్రసారాలు 1939 అక్టోబరు 1న పష్తో భాషతో మొదలైనవి. తరువాత తెలుగు కూడ చేరినది. కాని తెలుగు ప్రసారం ప్రధానంగా ఆగ్నేయాసియా వైపు సాగింది; గల్ఫ్ వైపు హిందీ, మలయాళం మొదలైనవి వెళ్ళేవి. హిందీ రాని తెలుగు కూలీకి ఇది చిన్న లోటు కాదు. ధర్మపురికి సమీపాన బెంగళూరు వద్ద 500 కిలోవాట్ల ట్రాన్స్‌మిటర్లు నెలకొన్నది కువైట్ సంక్షోభం ముగిసిన తరువాతనే.

నేటి స్థితి

ఇటీవల ఆకాశవాణి షార్ట్‌వేవ్ ప్రసారాలు బాగా తగ్గిపోయాయి. అయినను ఈ సాధనం పూర్తిగా మూలబడలేదు. 2022లో ఉక్రెయిన్ కొరకు, 2023లో సూడాన్ కొరకు బీబీసీ షార్ట్‌వేవ్ ప్రసారాలు ప్రారంభించింది.

ఇంటివారు చేయదగినవి

పాస్‌పోర్టు, వీసా నకళ్ళు, యజమాని పేరు, బస చిరునామా ఇంట వ్రాసి ఉంచవలెను. బిడ్డ పేరు అక్కడి భారత రాయబార కార్యాలయంలో నమోదు చేయించవలెను. సహాయం కొరకు విదేశాంగ శాఖ 2015లో ఆరంభించిన ‘మదద్’ వెబ్‌సైటు ఉన్నది. రేడియో కబురు చేర్చగలదు గాని, మనిషిని వెదకి తెచ్చుటకు ఈ వివరాలే ఆధారం.