అతుకుల స్టేషన్

తెలుగు హీరో బొమ్మ న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్ తెర మీద పడితే చాలు, ఇక్కడ అది వార్త. ఆ ఫొటోల్లో కనిపించేది నేల మీది వెలుగు మాత్రమే. ఆ నేల కింద, న్యూయార్క్ సబ్‌వే మొత్తంలోనే అన్నిటికన్నా రద్దీ స్టేషన్ ఉంది. కోవిడ్‌కు ముందు, 2019లో, అక్కడ ఏడాదికి సుమారు 6.5 కోట్ల ప్రయాణాలు నమోదయ్యాయి. న్యూజెర్సీలో కాపురం, మన్‌హట్టన్‌లో ఉద్యోగం ఉన్న తెలుగువాళ్లలో ఎందరో పోర్ట్ అథారిటీ బస్ స్టేషన్‌లో దిగి, రోజూ ఈ స్టేషన్‌లోంచే ఆఫీసులకు పోతుంటారు.

కొత్తగా దిగినవాళ్లకు ఆ స్టేషన్ ఒక పట్టాన కొరుకుడుపడదు. మెట్లు దిగాక మళ్లీ మెట్లెక్కాలి. వాలుగా పోయే దారి ఒకటి వస్తుంది, అది తిరిగి పైకి లేస్తుంది. బోర్డు చూసుకుంటూ వెళ్తే ఒక ప్లాట్‌ఫాం నుంచి ఇంకోదానికి నడక తెమలదు. ఇంత గజిబిజి ప్లాన్ ఎవరు గీశారబ్బా అనిపిస్తుంది. నిజానికి ఎవరూ గీయలేదు. అది ఒక స్టేషన్ కాదు, ఐదు. 1904 నుంచి 1932 దాకా, పోటీలో ఉన్న మూడు యాజమాన్యాలు ఎవరి స్టేషన్ వారు కట్టుకున్నారు. ఆస్తి పంచుకుని అడ్డుగోడలు పెట్టుకున్న అన్నదమ్ముల ఇళ్లకు మనవల కాలంలో తలుపులు కొట్టించినట్టు, వాటిని తర్వాత కలిపారు. ఇప్పుడు మనం నడిచే దారులన్నీ ఆ తలుపులే.

మలుపు తెచ్చిన వంపు

న్యూయార్క్ మొదటి సబ్‌వే 1904 అక్టోబర్ 27న మొదలైంది. పెట్టుబడి ఆగస్ట్ బెల్మాంట్ అనే బ్యాంకరుది. ఇంజనీరింగ్ బాధ్యత విలియం బార్క్‌లే పార్సన్స్‌ది. స్టేషన్ల అలంకారం హైన్స్, లాఫార్జ్ అనే ఆర్కిటెక్టులది. నడిపే కంపెనీ ఇంటర్‌బరో రాపిడ్ ట్రాన్సిట్, అందరి నోటా ఐఆర్‌టీ. టికెట్ ఐదు సెంట్లు.

ఆ లైన్ నగరానికి దక్షిణాన సిటీ హాల్ దగ్గర బయల్దేరి, తూర్పు వైపున గ్రాండ్ సెంట్రల్ దాకా ఉత్తరంగా వచ్చేది. అక్కడ ఎడమకు తిరిగి 42వ వీధి కింద పడమరగా సాగేది. బ్రాడ్‌వే తగలగానే కుడికి మళ్లి మళ్లీ ఉత్తరం పట్టేది. ఆ రెండో మలుపు దగ్గరే టైమ్స్ స్క్వేర్ స్టేషన్ కట్టారు. దాంతో పట్టాలూ, పట్టాల వెంట ప్లాట్‌ఫాంలూ వంపు తిరిగాయి. సొరంగాన్ని చాలా చోట్ల రోడ్డు తవ్వి, కట్టి, మళ్లీ పూడ్చే పద్ధతిలో వేశారు కాబట్టి స్టేషన్ రోడ్డుకు అతి దగ్గరగా, లోతు లేకుండా ఉండేది. ఆ వంపు 117 ఏళ్ల పాటు ఇంజనీర్లను సతాయించింది.

అది చిన్న స్టేషన్ కూడా. నాలుగు పట్టాలు, రెండు పక్కలా రెండు ప్లాట్‌ఫాంలు. పక్క పట్టాల మీద వచ్చే లోకల్ బళ్లు ఆగేవి. నడిమి పట్టాల మీద ఎక్స్‌ప్రెస్‌లు ఆగకుండా దూసుకుపోయేవి. లైన్ గీసే నాటికి ఆ చోటు పేరు లాంగేకర్ స్క్వేర్. గుర్రబ్బగ్గీల వ్యాపారానికి పేరు. అక్కడ ఎక్స్‌ప్రెస్ ఆగాల్సిన అవసరం వస్తుందని ఎవరూ అనుకోలేదు.

అంచనా తప్పడానికి ఎంతో కాలం పట్టలేదు. న్యూయార్క్ టైమ్స్ యజమాని అడాల్ఫ్ ఆక్స్ తన పత్రికకు సరిగ్గా అక్కడే ఓ ఎత్తయిన భవనం లేపాడు. రైలు మొదలవడానికి కొన్ని నెలల ముందు, 1904 ఏప్రిల్‌లో, ఆ కూడలికి టైమ్స్ స్క్వేర్ అనే పేరు అధికారికంగా వచ్చింది. సబ్‌వే ఆ భవనం పునాదుల గుండానే పోయేది. పత్రిక అచ్చుయంత్రాలు రైలు పట్టాలకన్నా కింద ఉండేవి.

పక్కనే 1906లో జాన్ జేకబ్ ఆస్టర్ నికర్‌బాకర్ అనే పెద్ద హోటల్ తెరిచాడు. బస చేసినవాళ్లు రోడ్డెక్కకుండానే హోటల్లోంచి నేరుగా రైలు దగ్గరికి వచ్చేలా ప్లాట్‌ఫాం చివర ఒక తలుపు పెట్టించాడు. తలుపు పైన హోటల్ పేరు. ఆస్టర్ 1912లో టైటానిక్‌తో పాటు మునిగిపోయాడు. 1920ల మొదట్లో హోటల్ కూడా మూతపడి ఆఫీసుల భవనమైపోయింది. ప్లాట్‌ఫాం మీద పేరుతో సహా తలుపు మాత్రం ఎటూ తెరుచుకోకుండా దశాబ్దాల పాటు అలాగే నిలిచి ఉంది. దాని ముందు నుంచి రోజూ వేలమంది హడావిడిగా నడిచిపోయేవాళ్లు.

పోటీ పడి తవ్విన సొరంగాలు

1913లో నగరం రెండు కంపెనీలతో పెద్ద ఒప్పందాలు చేసుకుంది. ఒకటి ఐఆర్‌టీ. రెండోది బ్రూక్లిన్ కంపెనీ. అది తర్వాత దివాలా తీసి, బీఎంటీ అనే పేరుతో మళ్లీ లేచింది. ఇద్దరికీ కొత్త లైన్లు వచ్చాయి, ఇద్దరికీ టైమ్స్ స్క్వేర్ కావాలి. 1917 జూన్‌లో ఐఆర్‌టీ సెవెంత్ అవెన్యూ కింద రెండో స్టేషన్ తెరిచింది. ఏడు నెలలు తిరగగానే, 1918 జనవరిలో, బ్రూక్లిన్ కంపెనీ బ్రాడ్‌వే కింద తన స్టేషన్ తెరిచింది. రెండింటికీ నాలుగేసి పట్టాలు, పట్టాల మధ్య రెండేసి ప్లాట్‌ఫాంలు. లోకల్, ఎక్స్‌ప్రెస్ ఒకే ప్లాట్‌ఫాంకు చెరో పక్కా ఆగుతాయి. 1904లో చేసిన తప్పు ఈసారి చేయలేదు.

ఇక్కడొక తమాషా ఉంది. టైమ్స్ స్క్వేర్‌లో బ్రాడ్‌వే, సెవెంత్ అవెన్యూ కత్తెరలా ఒకదాన్నొకటి దాటుకుంటాయి. కింద లైన్లు మాత్రం దాటుకోవు, రోడ్లు మార్చుకుంటాయి. సెవెంత్ అవెన్యూ లైన్ ఉత్తరానికి పోయేటప్పుడు బ్రాడ్‌వే కిందకు మారుతుంది. బ్రాడ్‌వే లైన్ సెవెంత్ అవెన్యూ కిందకు వస్తుంది. పైన రోడ్డు పేరు చూసి కింద రైలు వెతుక్కునేవాళ్లు తికమక పడటం అందుకే.

1918 ఆగస్టు మొదట్లో ఐఆర్‌టీ మొదటి లైన్‌ను మూడు ముక్కలు చేసింది. తూర్పున ఒక నిలువు లైన్, పడమర ఒక నిలువు లైన్. మధ్యలో 42వ వీధి కింద మిగిలిన అడ్డ ముక్క మీద గ్రాండ్ సెంట్రల్, టైమ్స్ స్క్వేర్ మధ్య తిరిగే షటిల్. దారి తెలియడానికి రంగు గీతలు గీశారు గానీ జనం ఆగలేదు. తొక్కిసలాట భయంతో మర్నాడే షటిల్ ఆపేశారు. ప్లాట్‌ఫాంలు మార్చి, నడిచే చోటు పెంచి సెప్టెంబర్ 28న మళ్లీ తెరిచారు. అలా నగరపు మొదటి లైన్‌లోని మలుపు స్టేషన్ ఒక పొట్టి లైన్‌కు చివరి స్టేషనై కూర్చుంది.

1927లో క్వీన్స్ వైపు నుంచి నదిని దాటుకుంటూ ఫ్లషింగ్ లైన్ వచ్చింది. అప్పటికే అందరూ పైన చోటు పట్టేశారు. చివరగా వచ్చినవాడికి అడుగు గదే దక్కింది. 41వ వీధి కింద ఉన్న ఆ ప్లాట్‌ఫాం స్టేషన్ మొత్తంలో లోతైనది. ఇప్పుడు అక్కడ 7 నంబరు రైలు ఆగుతుంది.

ఐదోది నగరం సొంతంగా కట్టింది. దాని వెనుక జాన్ హైలన్ కోపముంది. యువకుడిగా బ్రూక్లిన్ కంపెనీలో రైలు నడిపిన హైలన్‌ను కంపెనీ పనిలోంచి తీసేసింది. లా చదివి, మేయరై, ప్రైవేటు కంపెనీల మీద ఆయన ఎడతెగని యుద్ధం చేశాడు. నగరమే సబ్‌వే నడపాలన్నాడు. ఆయన పదవి దిగాక, 1932 సెప్టెంబర్ 10న, ఎయిత్ అవెన్యూ లైన్ మొదలైంది. దాని స్టేషన్ టైమ్స్ స్క్వేర్‌కు ఒక బ్లాక్ అవతల. మధ్యలో నడక దారి ఒకటి వేశారు. కాకపోతే ఆ దారి టికెట్ గేట్లకు బయట ఉండేది. అటు నుంచి ఇటు వచ్చి రైలు మారాలంటే మళ్లీ ఐదు సెంట్లు.

తలుపులు తెరిచిన తీరు

1940 జూన్‌లో నగరం రెండు ప్రైవేటు కంపెనీలనూ కొనేసింది. యాజమాన్యం ఒక్కటైంది గానీ గోడలు వెంటనే కూలలేదు. 1948 జూలై 1న టికెట్ ఐదు సెంట్ల నుంచి పది సెంట్లకు పెరిగింది. 44 ఏళ్లుగా ఒక్క సెంటు కూడా పెంచని ధర అది. ఆ రోజే చాలా చోట్ల ఉచితంగా రైలు మారే వీలు ఇచ్చారు. టైమ్స్ స్క్వేర్‌లో ఐఆర్‌టీ, బీఎంటీల నడుమ గోడ అలా తొలగింది. ఎయిత్ అవెన్యూకు పోయే పొడవాటి దారి గేట్ల లోపలికి రావడానికి మాత్రం ఇంకో నలభై ఏళ్లు పట్టింది. 1988లో గానీ అది ఉచితం కాలేదు.

ఈలోగా షటిల్ ప్రయోగశాల అయింది. 1962 జనవరిలో ఒక పట్టా మీద మనిషి నడపని రైలు మొదలుపెట్టారు. కార్మిక సంఘం ఒప్పుకోకపోవడంతో ఒక డ్రైవరును ఊరికే కూర్చోబెట్టారు. 1964 ఏప్రిల్‌లో గ్రాండ్ సెంట్రల్ కొసన మంటలు లేచి ఆ రైలు కాలిపోయింది. ప్రయోగం అక్కడితో సరి.

1990ల నుంచి పెద్ద మరమ్మతులు పట్టాలెక్కాయి. మెజనైన్ అంతస్తును విశాలం చేసి, లిఫ్టులు, ఎస్కలేటర్లు పెట్టారు. గోడల మీదికి కళ వచ్చింది. 2002లో చిత్రకారుడు రాయ్ లిక్టెన్‌స్టైన్ కుడ్యచిత్రాన్ని బిగించారు. 53 అడుగుల పొడవున్న ఆ ఎనామెల్ చిత్రాన్ని చూసుకోవడానికి ఆయన లేడు. 1997లోనే పోయాడు. జేకబ్ లారెన్స్, జాక్ బీల్ మొజాయిక్‌లు కూడా ఆ పునరుద్ధరణ పుణ్యమే.

వంపు వదిలిన షటిల్

ఇవన్నీ అయ్యాక కూడా అన్నిటికన్నా పాతదైన షటిల్ స్టేషన్ దాదాపు 1918 నాటి తీరులోనే ఉంది. నాలుగు పట్టాల్లో ఒకటి ఎప్పుడో తీసేశారు. మిగిలిన మూడింటి మీద బళ్లు తిరిగేవి. వంపు దగ్గర తిన్నగా ఉండే రైలు పెట్టెకూ వంకర ప్లాట్‌ఫాంకూ మధ్య కాలు ఇరుక్కునేంత సందు పడుతుంది. అందుకని రైలు ఆగగానే ప్లాట్‌ఫాం అంచులోంచి ఇనుప పలకలు ముందుకు జరిగి సందు పూడ్చేవి. బయల్దేరే ముందు వెనక్కి పోయేవి. చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లకు ఆ స్టేషన్ అందుబాటులో లేనట్టే. ఒక పట్టాను దాటడానికి ఎత్తి పక్కన పెట్టే వంతెన ఉండేది. ఆ పట్టా మీదుగా సెవెంత్ అవెన్యూ లైన్‌కు బళ్లను తరలించాలంటే జనం నడిచే ఆ వంతెనను తొలగించాల్సిందే.

2019లో మొదలైన పని ఈ చిక్కును మొదలంటా తుంచేసింది. వంపును సరిచేయలేదు, వదిలేశారు. ప్లాట్‌ఫాంను తూర్పుకు జరిపి, 42వ వీధి కింద పట్టాలు తిన్నగా సాగే చోట కొత్తది కట్టారు. మూడు పట్టాల్లో నడిమిది తీసేసి, మిగిలిన రెండింటి మధ్య 28 అడుగుల వెడల్పున ఒకే ప్లాట్‌ఫాం పరిచారు. దారికి అడ్డొచ్చే స్తంభాలు కొన్నింటిని తీసి, వాటి బరువు మోయడానికి పైన కొత్త ఉక్కు దూలాలు వేశారు. పట్టాలు తగ్గినా సామర్థ్యం తగ్గలేదు. మునుపు నాలుగు పెట్టెలకు మించని షటిల్ ఇప్పుడు ఆరు పెట్టెలతో నడుస్తోంది. కొత్త ప్లాట్‌ఫాం 2021 సెప్టెంబర్‌లో తెరుచుకుంది.

ప్లాట్‌ఫాం తూర్పుకు జరగడంతో బ్రయంట్ పార్క్ స్టేషన్ దగ్గరైంది. అక్కడికి లోలోపలే దారి తీశారు. గోడల మీద కళాకారుడు నిక్ కేవ్ మొజాయిక్‌లు వేశారు. రంగురంగుల నారతో, ఈకలతో ఆయన చేసే వేషాలు తొడుక్కుని నాట్యమాడుతున్న మనుషులు వాటిలో కనిపిస్తారు. 2022లో నేల మీద కొత్త మెట్లదారి, దాని పైన గాజు కప్పు వచ్చాయి.

కలవనివి

ఇంత కలిపాక కూడా ఒక గోడ మిగిలే ఉంది. అది బోర్డుల మీదే కనిపిస్తుంది. ఈ స్టేషన్ రైళ్లలో కొన్నిటికి అంకెలు: 1, 2, 3, 7. కొన్నిటికి అక్షరాలు: ఎన్, క్యూ, ఆర్, డబ్ల్యూ, ఏ, సీ, ఈ. అంకెల రైళ్లు ఐఆర్‌టీ వారసులు. అక్షరాలవి బీఎంటీ, నగరం కట్టిన లైన్ల సంతానం. షటిల్‌కు ‘ఎస్’ అనే అక్షరం పెట్టినా పుట్టుక ఐఆర్‌టీదే. 1904లో బెల్మాంట్ మనుషులు సొరంగాన్ని ఇరుకుగా తవ్వారు కాబట్టి అంకెల రైలు పెట్టె వెడల్పు 8 అడుగుల 9 అంగుళాలు. తర్వాతివాళ్ల పెట్టె 10 అడుగులు. వెడల్పు పెట్టె ఇరుకు సొరంగంలో పట్టదు. ఇరుకు పెట్టె వెడల్పు సొరంగంలో నడుస్తుంది గానీ ప్లాట్‌ఫాంకు అందదు.

అందుకే టైమ్స్ స్క్వేర్‌లో మరమ్మతు అన్నప్పుడల్లా మనుషులు నడిచే దారుల మీదే పని జరుగుతుంది. కారిడార్, మెట్లు, ర్యాంపు, లిఫ్టు. ప్రయాణికుల కోసం ఎన్ని తలుపులైనా కొట్టొచ్చు, రైళ్ల కోసం కొట్టలేరు. ఒకే టికెట్‌తో ఎయిత్ అవెన్యూ నుంచి ఫిఫ్త్ అవెన్యూ దాకా నేల కిందే నడిచిపోయే మనిషి మాత్రం, వందేళ్ల కిందటి కంపెనీల సరిహద్దులన్నీ గేటు తగలకుండా దాటేస్తున్నాడు. ఆ నడక కాస్త ఎక్కువైందని విసుక్కుంటే విసుక్కోవచ్చు. 1947లో అయితే అదే నడకలో రెండోసారి టికెట్ కొనాల్సి వచ్చేది.