మోటారు షెడ్డులో పుట్టిన బండి

అమెరికా దేశమున కొందరు గృహస్థులు సెలవు దినము వచ్చినంతనే ఇంటి ప్రక్కనున్న షెడ్డులో ఒక పాత కారును విప్పి, దాని భాగములను నేలపై పరచుకొని కూర్చుందురు. 1960 తరువాతి దశాబ్దమున వచ్చిన ఈ బండ్లకు 'మజిల్ కార్ల'ని పేరు. అనగా కండబలము గల కార్లు. మధ్యరకపు కుటుంబ వాహనమున పెద్ద కారునకు తగిన ఇంజనును అమర్చినచో అదియే మజిల్ కారు. దీనిని పుట్టినప్పటి రూపమునకే తేవలెనని కొందరు, ఇచ్ఛ వచ్చినట్లు మార్చుకొనవచ్చునని కొందరు వాదింతురు. ఈ వాదమున ఎవరి పక్షము వహించుటకైనను ముందు దీని పుట్టుక తెలియవలెను.

1932లో ఫోర్డు కంపెనీ సామాన్యుడు కొనగల ధరకు ఎనిమిది సిలిండర్ల కారును విడుదల చేసెను. దాని బలము 65 అశ్వశక్తులు. కొన్నేండ్లకు అవి పాతబడి చౌకగా దొరకసాగెను. కాలిఫోర్నియాలోని కుర్రవాండ్రు వానిని కొని, బరువు తగ్గుటకై మడ్‌గార్డులు ఊడదీసి, అదనపు కార్బ్యురేటర్లు బిగించి, మ్యూరాక్ వంటి ఎండిన సరస్సుల చదునైన నేలపై వేగమును పరీక్షించుకొనెడివారు. 1937లో ఇట్టి పందెములను నడపుటకు సంఘమొకటి ఏర్పడెను. 1948 జనవరిలో 'హాట్ రాడ్' అను పత్రికయే వెలువడెను. వీరిలో పలువురకు ఇంటి షెడ్డే పాఠశాల. పాత ఇనుము కొట్టే సామగ్రి శాల.

ఈ పిల్లల పనిని కంపెనీవారే తుదకు అనుకరించిరి. ఆ కథ కొంత వినోదకరము. జనరల్ మోటార్సు సంస్థలో మధ్యరకపు కార్లకు 330 ఘనపుటంగుళములకు మించిన ఇంజను పెట్టరాదని కట్టడి యుండెను. పాంటియాక్ శాఖలో జాన్ డిలోరియన్ మొదలగు ఇంజనీర్లు తమ టెంపెస్టు కారులో 389 ఘనపుటంగుళముల ఇంజనును దింపి చూచిరి. అది చక్కగా ఇమిడెను. మరి కట్టడి మాటయో? అది మోడలుకే గాని, కొనువాడు అదనముగా కోరుకొను సామగ్రికి వర్తింపదని సమాధానము చెప్పుకొని, 1964లో అదనపు సామగ్రి పేరనే 'జి.టి.ఓ.'ను అమ్మిరి. ఆ పేరు సయితము ఇటలీలోని ఫెరారీవారి నుండి ఎరువు తెచ్చినదే! మొదటి సంవత్సరమే 32,450 బండ్లు అమ్ముడుపోయెను. తక్కిన కంపెనీలు వెంటబడెను.

ఈ వైభవము పదేండ్లు నిలువలేదు. భీమా రుసుములు పెరిగెను. 1970లో వాయు కాలుష్య నివారణ శాసనము వచ్చెను. 1973లో అరబ్బు దేశములు చమురు ఎగుమతిని నిలిపివేసెను. కంపెనీలు విడిచిపెట్టిన బండి మరల షెడ్డునకే చేరెను.

అచ్చట దానిని బాగుచేయువానికి తుప్పు మొదటి శత్రువు. కుళ్ళిన నేల రేకును కోసివైచి క్రొత్త రేకును వెల్డింగు చేయవలెను. తరువాత ఇంజను. పూర్వపు పెట్రోలులోని సీసము వాల్వు సీట్లు అరుగకుండ కాపాడెడిది. 1996 నుండి ఆ దేశపు రోడ్డు వాహనములకు సీసము కలిపిన పెట్రోలు పూర్తిగా నిషిద్ధము. కావున ఇంజను విప్పినప్పుడు పలువురు గట్టి ఉక్కు సీట్లు వేయింతురు. ఇక బ్రేకుల మాట: 1964 నాటి జి.టి.ఓ. 325 అశ్వశక్తుల బండి. నాలుగు చక్రములకును డ్రమ్ము బ్రేకులే. భార్యాబిడ్డలను కూర్చుండబెట్టుకొని దానిని నడపదలచినవాడు ముందు చక్రములకు డిస్కు బ్రేకులు అమర్చినచో అతనిని తప్పుపట్టుటకు నాకు మనసొప్పదు.

మరియొక చిక్కు కలదు. 1966 వరకు జి.టి.ఓ. వేరు మోడలు కాదు. 1964, 65 సంవత్సరముల బండి నెంబరులో ఆ జాడయే కానరాదు. కంపెనీ పత్రములే దానికి సాక్ష్యము. ఎవరైన ఆ యేటి సాధారణమైన బండిని కొని, ఆనాటి ఇంజనునే, ఆనాటి భాగములనే తెచ్చి స్వహస్తములతో అమర్చినచో, దానిని 'నకలు' అని తీసివేయుదురు. అసలైనదని చెప్పి అమ్మిన అది మోసమే, సందేహము లేదు. కాని తన కొరకు చేసికొన్నవాని పనికిని, 1964లో పాంటియాక్ ఇంజనీర్లు చేసిన పనికిని భేదమెంత? వారును టెంపెస్టునే కదా మార్చినది!