సూదికి చూపు వచ్చిన విధము

శరీరములో ఒక గడ్డ యున్నదని ఎక్స్‌రే చెప్పును. అది రాచపుండో, క్షయ గడ్డో, వట్టి వాపో నిశ్చయముగా తేల్చవలసినది సూక్ష్మదర్శిని. దాని క్రింద నుంచుటకు ఆ గడ్డలోని కణములు కొన్ని కావలెను. మెడమీది గడ్డయైన చేతికి తగులును. క్లోమము జీర్ణాశయము వెనుక దాగియుండును. రెండు ఊపిరితిత్తుల నడుమ, గుండెకును పెద్ద రక్తనాళములకును ప్రక్కన, లసిక గ్రంథులు ఒదిగి యుండును. చిరకాలము వైద్యులు ఆ తావులను చేరుటకు కడుపునో రొమ్మునో కోయవలసి వచ్చెను. తీరా తెరచిన పిదప వ్యాధి ముదిరినదని తెలిసి, మరల కుట్టివేసిన సందర్భములు అరుదు కావు. రోగి పడిన బాధ యంతయు ఒక్క "ఔను", "కాదు" కొరకే.

సూది క్రొత్తది కాదు. న్యూయార్కులోని మెమోరియల్ ఆసుపత్రిలో హేస్ మార్టిన్, ఎడ్వర్డ్ ఎల్లిస్ అనువారు సూదితో గడ్డలోని కణములను పీల్చి పరీక్షించు పద్ధతిని 1930లో ప్రకటించిరి. చాలమంది వైద్యులు దీనిని నమ్మలేదు. చిటికెడు కణములతో తీర్పు చెప్పుట సాహసమని కొందరు, సూది వెంట కేన్సరు వ్యాపించునని కొందరు శంకించిరి. ఆ శంకలు క్రమముగా తగ్గినవి గాని, అసలు లోపము వేరు: సూదికి కన్నులు లేవు.

అల్ట్రాసౌండ్ అనగానే గర్భస్థ శిశువును తలచువారే మనలో ఎక్కువ. అయినను ఆ విద్య తొలినాళ్ళలోనే కేన్సరును వెదకబోయినది. జాన్ వైల్డ్ ఆంగ్లేయ శస్త్రవైద్యుడు. యుద్ధకాలమున లండనుపై బాంబులు పడు దినములలో, ప్రేగులు చలనముడిగి కడుపుబ్బిన రోగులను ఆయన చూచెను. ప్రేగు గోడ మందమును పైనుండియే కొలువగలిగిన నెంత మేలని ఆయన తలంపు. తరువాత అమెరికా వెళ్ళి, మినియాపోలిస్ సమీపమున నౌకాదళ విమానస్థావరములో, రాడారు నడుపువారికి తర్ఫీదు నిచ్చుటకై యుంచిన యంత్రమొకటి సంపాదించెను. అది సెకనుకు కోటిన్నర కంపనముల ధ్వనిని వెలువరించును. మందము కొలువబోయిన వైద్యునకు మరొకటి దొరికినది. జీర్ణాశయపు కేన్సరునుండి వచ్చిన ప్రతిధ్వని, ఆరోగ్యమైన గోడనుండి వచ్చినదానివలె లేదు! ఈ సంగతి 1950లో వెలువడినది.

అయినను ఒక చిక్కు మిగిలెను. వాయువున్న చోట ఈ ధ్వని ముందుకు సాగదు. ప్రేగులు, ఊపిరితిత్తులు వాయువుకు నిలయములు. కనుక ధ్వనియంత్రమునే లోపలికి పంపవలసి వచ్చెను. నోటిగుండా పోవు గొట్టము కొసను దానినమర్చిన పరికరములు 1980లో అమెరికాలోను జర్మనీలోను వెలువడినవి. అట్టి పరికరములలో కొన్ని గొట్టమునకు అడ్డముగా, చుట్టును చూచెడివి. వాటి చిత్రములో సూది ఒక చుక్కవలె మెరసి మాయమగును. గొట్టము పొడవునకు అనుగుణముగా చూచు పరికరము వచ్చిన తరువాతనే సూది మొదలునుండి మొన వరకు కనబడినది. డెన్మార్కులో పీటర్ విల్మన్, ఆయన సహచరులు దీనితో క్లోమమునుండి కణములు తీసిన వృత్తాంతము 1992లో అచ్చయినది. మార్టిన్ సూదికి చూపు వచ్చుటకు అరువది రెండేండ్లు పట్టినదన్నమాట.

ఊపిరితిత్తుల విషయమున జాప్యమింకను హెచ్చు. స్వీడన్ దేశీయుడు కార్లెన్స్ 1959లో చూపిన మార్గమున, మత్తునిచ్చి, మెడ క్రింద చిన్నకోత పెట్టి గ్రంథులను చేరెడివారు. కేన్సరు ఆ గ్రంథులకు ప్రాకినదో లేదో తెలియనిదే శస్త్రచికిత్స తగునా, మందులే శరణ్యమా తేలదు. జపానులోని చిబా విశ్వవిద్యాలయమున యాసుఫుకు, ఆయన సహచరులు శ్వాసనాళముగుండా ధ్వనియంత్రమును పంపి, తెరమీద చూచుచునే గ్రంథిలోనికి సూది గ్రుచ్చిన ఫలితములను 2004లో ప్రకటించిరి. ఆ సూది మందము మిల్లీమీటరులో మూడువంతులకు మించదు.

"కేన్సరు కణములు కానరాలేదు" అన్న జవాబు వచ్చినంత మాత్రమున ఊరట చెందరాదు. సూది పుండును తప్పిపోయి యుండవచ్చును. అందుచే కొన్ని ఆసుపత్రులలో కణపరీక్షకుడు ఆ గదిలోనే నిలిచి, గాజుపలకకు అప్పటికప్పుడు రంగు వేసి చూచి, చాలినన్ని కణములు రానియెడల మరల గ్రుచ్చుమని చెప్పును. రోగి తరచుగా ఆ సాయంకాలమే ఇల్లు చేరును.