తాను అరిగి తొట్టిని కాచే కడ్డీ

అమెరికాలో కొందరు ఇంటినే బండిగా చేసుకుని ఊళ్ళు తిరుగుతారు. వంటగది, పడకలు, స్నానాలగది అన్నీ అందులోనే. వేణ్ణీళ్ళకు చిన్న తొట్టి. సాధారణంగా ఆరు గ్యాలన్లు, అంటే ఇంచుమించు 23 లీటర్లు. ఉక్కు తొట్టి అయితే, అడుగు బిరడా విప్పగానే దాంతోపాటు జానెడు కడ్డీ ఒకటి బయటికొస్తుంది. కొన్నప్పుడు నున్నగా ఉన్న కడ్డీ, చెదలు తిన్నట్టు గుంటలు పడి ఉంటుంది. "అయ్యో, పాడైపోయిందే!" అనుకోకండి. పాడవడమే దాని ఉద్యోగం!

ఆ ఉద్యోగం వెనక ఓడల కథ ఒకటుంది. చెక్కను సముద్రపు పురుగులు తొలవకుండా ఇంగ్లండువాళ్ళు తమ యుద్ధనౌకల అడుగున రాగిరేకులు తాపడం చేసేవారు. ఉప్పునీటికి ఆ రాగి కరిగిపోయేది. రాగికి చిన్న జింకు ముక్కో ఇనుప ముక్కో తగిలిస్తే సముద్రం ముందు దాన్నే తింటుందని, రాగి జోలికి రాదని 1824లో హంఫ్రీ డేవీ అనే శాస్త్రజ్ఞుడు చూపించాడు. నిజంగానే రాగి నిలిచింది. కానీ ఏం లాభం? కరిగే రాగి విషానికే ఇన్నాళ్ళూ నాచూ గుల్లలూ దూరంగా ఉన్నాయి. రాగి క్షేమంగా ఉండేసరికి అవొచ్చి ఓడ అడుగున కాపురం పెట్టాయి. ఓడల నడక మందగించింది. నౌకాదళంవారు ఆ ముక్కలు పీకించేశారు.

ఓడ మీద ఓడిన ఉపాయం తొట్టిలో గెలిచింది. 1889లో పిట్స్‌బర్గ్‌లో ఎడ్విన్ రూడ్ తనంతట తానే నీళ్ళు కాచుకునే నిలవతొట్టి తయారుచేశాడు. తరవాత వచ్చిన ఉక్కు తొట్లకు లోపల గాజుపూత పూశారు. ఆ పూతలో వెంట్రుకవాసి బీట పడినా తుప్పు పడుతుందిగా! అందుకే ఈ మెగ్నీషియం కడ్డీ. మన గీజర్లలోనూ చాలావాటికి ఉంటుంది. బండ్లలో వాడే అల్యూమినియం తొట్లకు మాత్రం అక్కర్లేదు.

బండివాళ్ళు ఏటా ఒకసారి దీన్ని తామే చూసుకుంటారు. ముందు గ్యాసూ కరెంటూ ఆపాలి. నీళ్ళు పూర్తిగా చల్లారనివ్వాలి. పంపు కట్టేసి, వేణ్ణీళ్ళ కుళాయి తిప్పి లోపలి ఒత్తిడి పోగొట్టాకే బిరడా విప్పాలి. నీళ్ళతో అడుగున పేరుకున్న సున్నపు పెచ్చులూ కొట్టుకొస్తాయి. కడ్డీ నాలుగింట మూడు వంతులు అరిగితే కొత్తది బిగించాలి. కుళాయిలోంచి నీళ్ళు ధారగా వచ్చేదాకా తొట్టి నింపనిదే స్విచ్చి వెయ్యకూడదు.

కడ్డీలోని తీగె బయటపడేదాకా ఊరుకున్నారా, ఇక నీళ్ళు తినడానికి మిగిలేది తొట్టే!