వెంటిలేటర్ తీసేస్తే పాపమా? క్రైస్తవ సంఘాలు ఏమంటున్నాయి?

"కోలుకునే ఆశ లేదు, వెంటిలేటర్ కొనసాగించమంటారా?" ఐసీయూ బయట డాక్టర్లు అడిగే ప్రశ్నల్లో ఇంతకంటే కష్టమైనది ఉండదు. క్రైస్తవ కుటుంబాల్లో దీనికి ఇంకో భయం తోడవుతుంది. ప్రాణం దేవుడిచ్చిందని నమ్మేవాళ్లు మెషీన్ ఆపమని సంతకం పెడితే అది హత్యతో సమానం కాదా? చాలామంది సమానమే అనుకుంటారు. కానీ కతోలిక సభతో పాటు పెద్ద ప్రొటెస్టెంట్ సంఘాల్లో చాలావరకు అలా చెప్పడం లేదు.

1957లోనే సమాధానం

వెంటిలేటర్లు అప్పుడప్పుడే ఆస్పత్రుల్లోకి వస్తున్న రోజులవి. మెషీన్ ఎప్పుడు ఆపొచ్చన్నది మత్తు డాక్టర్లకే అర్థం కాని పరిస్థితి. 1957 నవంబర్ 24న పోప్ 12వ పయస్ వాళ్ల ప్రశ్నలకు జవాబిచ్చారు. ప్రాణం కాపాడుకోవడానికి 'సాధారణ' మార్గాలు వాడటం మనిషి బాధ్యత, 'అసాధారణ' మార్గాలు వాడి తీరాలన్న నియమం లేదు. ఆశ లేదని తేలితే వెంటిలేటర్ తొలగించవచ్చు. మరణం ఎప్పుడు జరిగిందో తేల్చాల్సింది కూడా చర్చి కాదు, డాక్టర్లేనని ఆయన చెప్పారు.

ఇక్కడ సాధారణం అంటే అన్ని ఆస్పత్రుల్లో దొరికేదని కాదు. ఆ రోగికి ఎంత మేలు, ఎంత భారం అన్నదే లెక్క. న్యుమోనియాతో నాలుగు రోజులు వెంటిలేటర్ మీద ఉండి లేచి తిరిగే యువకుడికి అది సాధారణ చికిత్సే. క్యాన్సర్ చివరి దశలో ఉన్న పెద్దాయనకు అదే మెషీన్ అసాధారణం కావచ్చు.

మరి ఖర్చు మాటేంటి? దాన్ని లెక్కలోకి తీసుకోవడం తప్పు కాదు. 16వ శతాబ్దపు స్పెయిన్ వేదాంతి ఫ్రాన్సిస్కో డి విటోరియా, ఆరోగ్యం కోసం ఖరీదైన ఆహారమే తినాలన్న నిర్బంధం ఎవరికీ లేదన్నారు. వాటికన్ 1980లో విడుదల చేసిన ప్రకటన ఇంకా సూటిగా ఉంది. కుటుంబం మీద మోయలేని ఖర్చు పడకూడదని చికిత్స వద్దనుకోవడం ఆత్మహత్య కిందకు రాదు. పొలం అమ్మి ఐసీయూ బిల్లు కట్టాల్సి వచ్చే మన దగ్గర ఈ మాట చర్చిల్లో అంతగా వినిపించదు.

కరెన్ క్విన్లన్ కేసు

ఈ సిద్ధాంతం అమెరికాలో కోర్టు మెట్లెక్కింది. న్యూజెర్సీకి చెందిన 21 ఏళ్ల కరెన్ ఆన్ క్విన్లన్ 1975 ఏప్రిల్‌లో ఊపిరి ఆగిపోయి కోమాలోకి వెళ్లింది. తల్లిదండ్రులు కతోలికులు. తమ ఫాదర్‌ను అడిగితే వెంటిలేటర్ తీసేయడం తప్పు కాదన్నారు. డాక్టర్లు మాత్రం ఒప్పుకోలేదు. కింది కోర్టు కూడా కాదంది. 1976 మార్చి 31న న్యూజెర్సీ సుప్రీంకోర్టు తల్లిదండ్రుల వైపు నిలిచింది. కుటుంబాన్ని సమర్థిస్తూ స్థానిక బిషప్ లారెన్స్ కేసీ ఇచ్చిన ప్రకటనను తీర్పులోనే ప్రస్తావించింది.

వెంటిలేటర్ తీసేశారు. కరెన్ మాత్రం సొంతంగా ఊపిరి తీసుకుంటూ 1985 జూన్ వరకు బతికింది. ఆ తొమ్మిదేళ్లూ ట్యూబ్ ద్వారానే ఆహారం. దాన్ని తీసేయమని తల్లిదండ్రులు ఏనాడూ అడగలేదు. తీసేయాల్సింది భారమైన మెషీన్‌నే తప్ప కూతురి తిండిని కాదన్నది వాళ్ల లెక్క.

అసలు చిక్కు ఫీడింగ్ ట్యూబ్‌తోనే

ఇప్పటికీ సంఘాల మధ్య తేడా ఇక్కడే ఉంది. ట్యూబ్ ద్వారా ఇచ్చినా ఆహారం, నీళ్లు ప్రాథమిక సంరక్షణే తప్ప చికిత్స కాదని పోప్ రెండో జాన్ పాల్ 2004 మార్చిలో స్పష్టం చేశారు. వెజిటేటివ్ స్టేట్‌లో ఉన్నవాళ్లకూ ఇవ్వాల్సిందే. శరీరం ఆహారాన్ని తీసుకోలేని స్థితికి వస్తే మాత్రం మినహాయింపు ఉందని వాటికన్ 2007లో వివరించింది.

అమెరికాలోని ఎవాంజెలికల్ లూథరన్ సంఘం 1992లోనే దీనికి భిన్నంగా చెప్పింది. ట్యూబ్ ఆహారం కూడా వైద్యమే కాబట్టి కొన్ని పరిస్థితుల్లో ఆపొచ్చన్నది దాని వైఖరి. మన దగ్గరి లూథరన్, సీఎస్ఐ, బాప్టిస్టు సంఘాలకు వాటికన్ మాట వర్తించదు. స్వతంత్ర పెంతెకోస్తు సహవాసాల్లో పాస్టర్ మాటే చివరి మాట. కొన్నిచోట్ల వెంటిలేటర్ తీసేయడాన్ని విశ్వాసం లేకపోవడంగా చూస్తారు. ప్రార్థన కొనసాగడానికి మెషీన్ ఆన్‌లో ఉండాలన్న నియమమైతే లేదు.

ఇంజెక్షన్ ఇచ్చి ప్రాణం తీయడాన్ని మాత్రం కతోలిక సభ ఏ పరిస్థితిలోనూ ఒప్పుకోదు. నొప్పి తగ్గించడానికి మార్ఫిన్ ఇవ్వడం వేరు. దానివల్ల ఆయుష్షు కొంత తగ్గినా, చంపడం ఉద్దేశం కానప్పుడు అది తప్పు కాదని 12వ పయసే చెప్పారు.

మన చట్టం సంగతి

సుప్రీంకోర్టు 2018 మార్చి 9న పాసివ్ యుథనేసియాకు, లివింగ్ విల్‌కు ఆమోదం తెలిపింది. 2023 జనవరిలో ప్రక్రియను సులువు చేసింది. ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, నోటరీ లేదా గెజిటెడ్ అధికారితో ధ్రువీకరిస్తే చాలు. ఆ తర్వాత చికిత్స ఆపాలంటే రెండు మెడికల్ బోర్డులు ఒప్పుకోవాలి. లివింగ్ విల్ లేకపోయినా, కుటుంబ సభ్యుల అంగీకారంతో ఇదే దారి. రాసుకునేవాళ్లు వెంటిలేటర్ దగ్గరే ఆగకుండా, ఫీడింగ్ ట్యూబ్ విషయంలో తమ సంఘం మాట కనుక్కుని అది కూడా విడిగా రాయించడం మంచిది.